కోడెకు మేత – బాలునికి శిక్షణము
(ఉపన్యాస పాఠము)



కోడెదూడను కొనునపుడు రైతు దాని సుళ్లు చూచును, నడక చూచును, మూపురము చూచును. తెలుగునాట ఎద్దుకు పరీక్ష దుక్కిలో జరుగును. బండికాడి క్రింద జరుగును. తిరునాళ్లలో బండలాగు పందెములయందు జరుగును. అమెరికా దేశమున సేద్యము యంత్రములతో సాగును. అచ్చట కోడెను మాంసము కొరకే పెంచుదురు. ఈ భేదము కొందరికి వినుటకే కష్టముగా నుండవచ్చును. అయినను అచ్చటి పల్లె బాలబాలికలు ఒక కోడెను పశుప్రదర్శనమునకు సిద్ధము చేయు తీరులో పశువును సాకు ప్రతివారును తెలిసికొనదగిన సంగతులు కలవు.

1902లో ఒహాయో రాష్ట్రమున ఏ. బి. గ్రాహం అను విద్యాధికారి బాలబాలికల కొరకు వ్యవసాయ సంఘము నొకటి స్థాపించెను. అట్టి సంఘములే క్రమముగా పెరిగి ‘ఫోర్ హెచ్’ అను పేర ప్రసిద్ధి కెక్కినవి. శిరస్సు, హృదయము, హస్తము, ఆరోగ్యము అను నాలుగు మాటలకును ఆంగ్లమున మొదటి అక్షర మొక్కటే యగుటచే ఆ పేరు కలిగినది. 1914 నాటి స్మిత్–లీవర్ చట్టము వ్యవసాయ కళాశాలల విజ్ఞానమును పల్లెలకు చేర్చు ఏర్పాటు చేయగా ఈ సంఘములకు బలము చేకూరెను.

కొలరాడో రాష్ట్రమునందలి డెన్వరు నగరమున 1906లో ఒక పశుప్రదర్శనము ప్రారంభమైనది. అందు 1935లో ‘దూడను పట్టుము’ అను పోటీని చేర్చిరి. బాలబాలికలు గోదాలో పరుగిడు దూడను పట్టి తాడు వేయవలెను. గెలిచినవారికి పెంచుటకు ఒక దూడ లభించును. దానిని మేపి మరుసటి యేటి ప్రదర్శనమునకు తేవలెను. నడుమ నెలనెలా తనకు దూడ నిచ్చిన దాతకు జాబు వ్రాయవలెను. దూడను పట్టుట కొన్ని నిమిషముల పని; దానిని పెంచుట కొన్ని నెలల పని. అసలు పరీక్ష ఈ రెండవదే.

సామాన్యముగా ఇట్టి ప్రదర్శనములకు పాలు మాన్పిన ఆరు, ఎనిమిది నెలల దూడను ఎన్నుకొందురు. అది విత్తు కొట్టినదై యుండవలెను. యాంగస్, హియర్‌ఫర్డ్ జాతులు అచ్చట విరివిగా కలవు. టెక్సాసు వంటి వేడి ప్రాంతములలో బ్రాహ్మన్ జాతి పశువులును కనబడును. ఈ జాతి భారతదేశము నుండి వెళ్లిన పశువుల సంతతి. అందు ఒంగోలు రక్తమును కలదు. ఒంగోలు పశువును ఆ దేశమువారు నెల్లూరు పేర పిలిచిరి.

దూడ యింటికి వచ్చిన దినముననే బాలుడు దానిని తూచి నోటుపుస్తకములో వ్రాసికొనును. 270 కిలోల దూడను 250 దినములలో 590 కిలోలకు తేవలె ననుకొందము. పెరుగవలసినది 320 కిలోలు. అనగా దినమునకు సుమారు 1.28 కిలోలు. ఈ లెక్క తెలిసిన తరువాతనే మేత లెక్క మొదలగును. పశువు తన బరువులో నూటికి రెండు, రెండున్నర వంతుల ఎండుమేతను దినమునకు తినును. 400 కిలోల కోడెకు ఇది 8 నుండి 10 కిలోలగును. అందు నలిపిన మొక్కజొన్న, యవలు, మాంసకృత్తుల కొరకు సోయా పిండి, వీనితో పాటు మంచి ఎండుగడ్డియు నుండును.

దాణాను ఒక్కసారిగా పెంచరాదు. కోడె పెద్దపొట్టలో గడ్డిని జీర్ణింపజేయు సూక్ష్మజీవులు కోట్లకొలది యుండును. గింజలు హఠాత్తుగా ఎక్కువైనచో అచ్చట పులుపు పెరిగి పశువు మేత మానును, కడుపుబ్బును, గిట్టలు నొచ్చి కుంటును, ఒకొక్కప్పుడు ప్రాణమే పోవును. కల్లములో జొరబడి గింజలు మెక్కిన ఎద్దు పడు బాధ రైతు లెరుగనిది కాదు. దానికి కారణ మిదియే. కావున మొదట గడ్డి హెచ్చుగా, గింజ తక్కువగా పెట్టి, రెండు మూడు వారములపాటు మెల్లమెల్లగా మార్చుదురు. గింజలలో భాస్వరము హెచ్చు, సున్నము తక్కువ. ఆ లోటు తీర్చుటకు సున్నపురాతి పొడి కలుపుదురు. లేనిచో విత్తు కొట్టిన కోడెకు మూత్రమార్గమున రాళ్లేర్పడి మూత్రము బంధించు ప్రమాదము కలదు. మంచినీరు దినమునకు 30 నుండి 60 లీటర్ల వరకు కావలెను. ఎండకాలమున ఇంకను ఎక్కువ.

ఉదయము సాయంకాలము ఒకే వేళకు మేత పెట్టవలెను. తొట్టిలో దాణా మిగిలినచో బాలుడు కారణము వెదకవలెను. నీరు మురికియైనదా, దాణా బూజు పట్టినదా, పశువునకు జ్వరమా? ఈ ప్రశ్నలు పండుగనాడును మానరాదు; బడికి సెలవు దొరకును గాని కోడె ఆకలికి సెలవు లేదు.

పిమ్మట మచ్చిక చేయుట. అచ్చట ముకుతాడు కుట్టరు. తలకు తాడు తగిలించి దినదినము కొంతదూరము నడిపింతురు. ఒళ్లు కడిగి, వెండ్రుకలు దువ్వి, గిట్టలు సవరింతురు. ప్రదర్శనమునాడు పొడవైన కర్రతో కాళ్లను సరిగా నిలుపుదురు. న్యాయనిర్ణేత కోడె కండను, కొవ్వును, నడకను చూచును. నడిపించు బాలుని నేర్పునకు వేరుగ పోటీ కలదు.

ఇందు లోపములును లేకపోలేదు. బహుమానమునకు ఆశపడి 1994లో ఒహాయో రాష్ట్ర ప్రదర్శనమునకు కొందరు అక్రమముగా పోషించిన పశువులను తెచ్చిరి. నిషిద్ధ ఔషధములు వాడిన సంగతి బయటపడి వారు అపకీర్తి పాలైరి. వేలములోను ఒక మరుగు కలదు. ఊరి వర్తకులు బాలుర చదువునకు సాయముగా బజారు ధరకు మించి పాడుదురు. ఆ సొమ్ము చూచి పెంపకము లాభసాటి యని భ్రమింపవచ్చును. కిలో బరువు పెరుగుటకు ఆరేడు కిలోల మేత పట్టును. దూడ వెల, మేత ఖర్చు, మందుల ఖర్చు వ్రాసి బజారు ధరతో సరిచూచిన పుస్తకమే నిజము చెప్పును.

ఈ పనిలో అన్నిటికన్న కఠినమైన ఘట్టము చివర వచ్చును. వేలము ముగిసిన పిదప బాలుడు తాడు విప్పి అప్పగింపవలెను. ఆ కోడె ఎచ్చటికి పోవునో అతనికి మొదటి దినము నుండియు తెలియును. చాలమంది పిల్లలు కంట తడి పెట్టుదురు. పెద్దలు వారిని వారింపరు. ముగింపు తెలిసియు ఒక్క పూటయైన మేత తగ్గింపకుండుట, దప్పికి నీరు మరువకుండుట, మోసమునకు చేయి చాపకుండుట ఆ బాలుడు నేర్చిన విద్య. పశువును అమ్ముకొను రైతునకు ఏ దేశమునైనను ఈ దుఃఖము తప్పదు. చేసిన సేవలో లోపము లేదను తృప్తియే అతనికి ఓదార్పు.

గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు కోడెనే పెంచనక్కర లేదు. ఇంట నున్న పెయ్య కైనను, మేక కైనను ఒక నోటుపుస్తకము తెరువవచ్చును. ఎంత మేసినది, ఎంత పెరిగినది, ఎన్నడు జబ్బుపడినది వ్రాసి యుంచినచో ఏడాది తిరుగునప్పటికి ఆ యింటి పశుశాస్త్రము ఆ పుటలలో సిద్ధమగును. గ్రంథాలయమున చదివిన సంగతిని కొట్టములో సరిచూచుకొనుటకు అంతకన్న మంచి మార్గము లేదు.

స్వస్తి.