విత్తనం సంగతి వేదిక మీద చెప్పాలి
(మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగం)



ఎన్నికలొస్తే అభ్యర్థులు మన వాకిట్లోకి వస్తారు. రుణమాఫీ అంటారు, ఉచిత కరెంటు అంటారు, మద్దతు ధర అంటారు. అవన్నీ కావాల్సినవే. కానీ మనం వేసే విత్తనాన్ని ఎవరు పరీక్షించాలి, అది దెబ్బతింటే నష్టం ఎవరు కట్టాలి అన్న మాట ఏ నోటా రాదు. అడిగితే అదంతా సైన్సు, శాస్త్రవేత్తలు చూసుకుంటారులే అంటారు. పురుగు పడేది మాత్రం మన చేలో.

పత్తి సంగతే చూడండి. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. మొదట్లో శనగపచ్చ పురుగు తగ్గిన మాట నిజం, మందు కొట్టే ఖర్చూ తగ్గింది. కొన్నేళ్ళకు గులాబీరంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. అలా కాకూడదనే చేను చుట్టూ మామూలు పత్తి వేయాలని 450 గ్రాముల పాకెట్‌తో 120 గ్రాముల నాన్‌బీటీ పొట్లం ఇచ్చేవారు. ఆ పొట్లం ఎందుకో చాలా ఊళ్ళకు వచ్చి చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడేమో గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనం, అనుమతి లేనిది, ‘బీజీ-3’ పేరుతో దొంగచాటుగా దొరుకుతోంది. పట్టుకున్నప్పుడు పేపర్లో ఫొటో పడుతుంది. అసలు అది కావాలా వద్దా అన్నది మాత్రం మన దగ్గరకొచ్చే అభ్యర్థులెవరూ తేల్చి చెప్పరు.

నలుగురిలో మాట్లాడటం కుదరని పనేం కాదు. బీటీ వంకాయ మీద 2010లో కేంద్రమంత్రి జైరాం రమేష్ ఏడు నగరాల్లో సభలు పెట్టారు, హైదరాబాదులో కూడా. కేకలూ అరుపులూ అయ్యాయి, కానివ్వండి. రైతు మాటా శాస్త్రవేత్త మాటా ఒకే హాల్లో వినబడ్డాయి. ఆ ఫిబ్రవరిలోనే వంకాయను ఆపేశారు.

ఇక వరి. బాపట్లలో పుట్టిన సాంబమసూరిలో జన్యువును సవరించి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ తీసిన డీఆర్‌ఆర్ ధాన్ 100 రకాన్ని 2025 మేలో ప్రకటించారు. దిగుబడి పెరుగుతుందనీ, కోత ముందే వస్తుందనీ చెబుతున్నారు. మంచిదే, మేము వద్దనడం లేదు. అయితే ఇలాంటి పంటలకు జన్యుమార్పిడి పంటల కట్టడి నుంచి 2022లోనే మినహాయింపు ఇచ్చేశారు. మనలో ఎంతమందికి తెలుసు? ఆ పరిజ్ఞానం మీద పేటెంటు హక్కులు ఎవరివి? మన గింజ మనం దాచుకోవచ్చా? జన్యుమార్పిడి ఆవాల కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు జడ్జీలిద్దరూ తీర్పులో విడిపోయారు గానీ, రాష్ట్రాలనూ రైతు ప్రతినిధులనూ అడిగి జాతీయ విధానం చేయమన్న దగ్గర ఒక్కటయ్యారు. ఆ విధానం మీద రేపు పార్లమెంటులో మాట్లాడాల్సింది మన ఓటుతో వెళ్ళేవాళ్ళే.

అమెరికాలో 2008లో ఒబామాకూ మెకెయిన్‌కూ సైన్సు మీద 14 ప్రశ్నలు పంపితే ఇద్దరూ రాసి జవాబిచ్చారు. దాని మీద వేదికెక్కి వాదించుకోవడానికి మాత్రం రాలేదు. మనం వేదిక మీదకే రమ్మందాం. నామినేషన్లు అయ్యాక అభ్యర్థులందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలని సంఘం తీర్మానించింది. హాలు, మైకు ఖర్చు మనదే. వాళ్ళ డబ్బు వద్దు. మీ ప్రశ్నలు రాసి గ్రామ కమిటీలకు ఇవ్వండి. రాని అభ్యర్థి కుర్చీ పేరు రాసి ఖాళీగా ఉంచుతాం.