చక్రాల మీద మొండి మరకలు

కారు అల్లాయ్ చక్రాల మీది గోధుమరంగు చుక్కలు ఎంత రుద్దినా వదలవు. ఎందుకంటే అది మట్టి కాదు, ఇనుప పొడి. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లు, డిస్కులు అరిగి ఆ పొడి రాలుతుంది. వేడికి చక్రానికి అంటుకుంటుంది, తడి తగిలి తుప్పు పడుతుంది. ముందు చక్రాలే త్వరగా నల్లబడటం చూడండి. బ్రేకు భారం ఎక్కువ మోసేవి అవే. కాబట్టి ఇనుమును కరిగించే మందే కావాలి. ఆమ్లం లేని ఐరన్ రిమూవర్ చల్లితే మరక ఊదారంగుకు తిరిగి కరిగిపోతుంది.

బాత్రూం యాసిడ్ చవక కదా, అదీ మరక వదిలిస్తుంది కదా అనవచ్చు. నిజమే, వదిలిస్తుంది. కానీ పైపూతనూ, కింది అల్యూమినియాన్నీ తినేస్తుంది. ఇక స్టీలు పీచుతో రుద్దితే, అది పెట్టే గీతల్లో మళ్లీ పొడే చేరుతుంది. గుర్తుంచుకోండి: చక్రం చల్లారాక, నీడలో మందు చల్లండి. అది ఆరకముందే నీళ్లతో బాగా కడిగేయండి.