తాతలనాటి తీర్పులు – వాని నకళ్లు



నేడు నేను ముచ్చటింపబోవునది కావ్యము గాదు, పురాణము గాదు. న్యాయస్థానములలో మూటగట్టి యుంచబడిన పాతకాగితములను గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిని. ఇది పండితుడు చెప్పదగిన విషయమా యని కొంద ఱనుకొనవచ్చును. పల్లెటూరిబడిలో పాఠము చెప్పినవానికడకు ఛందస్సు నేర్చుకొనవచ్చు వారికంటె కాగితము చదివించుకొనవచ్చు వారే యెక్కువ. అందుచేత ఈ విద్య నాకును కొంత అబ్బినది.

మాది కొత్తూరు. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు పెద్దబాటమీద శంషాబాదు దాటిన పిమ్మట, షాద్‌నగరమునకు ముందు తగులును. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదున విమానాశ్రయము తెఱవబడిన తరువాత ఈ ప్రాంతమున నేలవెల యెట్లు పెరిగినదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. జొన్న పండని చెలకకు సైతము కొనువాడు వచ్చెను. కొనువాడు మొదట నడుగునది కాగితము. అప్పుడు అటుకమీది పెట్టెలు దింపుదురు. "మా తాత కచేరిల గెలిచిండు" అను మాట ఇంటింటను వినబడును. గెలిచినమాట సత్యమే కావచ్చును. గెలిచినట్లు చూపు పత్ర మేది?

మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును ముందే యెఱిగిరి. వివాదమున నెగ్గినవానికి రాజు ముద్రవేసి యిచ్చు పత్రమునకు జయపత్రమని పేరు. వ్యవహారమునకు నాలుగు పాదములని మితాక్షర చెప్పుచున్నది. అవి భాష, ఉత్తరము, క్రియ, సాధ్యసిద్ధి. వాది చెప్పుకొన్నది భాష, ప్రతివాది బదులు ఉత్తరము, సాక్ష్యము, పత్రములు క్రియ, నిర్ణయము సాధ్యసిద్ధి. నేటి కోర్టు మూటను విప్పి చూచినను ఈ నాలుగే కనబడును: దావా అర్జీ, జవాబు దావా, వాఙ్మూలములును దాఖలు పత్రములును, తీర్పును డిక్రీయు. నకలు కోరువాడు వీనిలో దేనిని కోరుచున్నాడో ముందు తేల్చుకొనవలయును. తీర్పులో కారణము లుండును. డిక్రీలో ఫలిత ముండును. భూమి హద్దులు, సర్వే నంబర్లు డిక్రీకి చేర్చిన షెడ్యూలులో నుండును. "తీర్పు నకలు" అని మాత్రమే వ్రాసియిచ్చి, షెడ్యూలు లేని కాగితములతో ఇల్లు చేరి, మరల బస్సెక్కినవారిని నే నెఱుగుదును.

నకలు పొందుట యొకరి దయచే దొరకునది కాదు, హక్కు. ప్రజాపత్రమును చూచుటకు హక్కుగలవాడు కోరినచో, దానిని భద్రపఱచు నధికారి రుసుము పుచ్చుకొని నకలిచ్చి, దాని యడుగున ఇది సరియైన నకలని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి యీయవలెనని 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 76వ సెక్షను చెప్పెను. ఆ చట్టమునకు బదులుగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్నది. అందు 75వ సెక్షను ఈ విషయమే చెప్పుచున్నది. అడుగున నున్న ఆ వ్రాతయే నకలునకు ప్రాణము. అది లేని జిరాక్సు ప్రతి ఎంత స్పష్టముగ నున్నను మన జ్ఞాపకమునకే పనికివచ్చును.

ఇక కష్టమైన భాగము వెదకుట. ఏ కోర్టులో వెదకవలయును? ఈనాడు మన యూ రే జిల్లాలో నున్నదో చూచి పోయినచో తఱచు రిక్తహస్తములతో రావలసివచ్చును. దావా పడిననాడు ఊ రెవరి పాలనములో నుండెనో అది తెలియవలయును. కొత్తూరు మొదటినుండి పాలమూరు జిల్లాలోనిది. దానికే మహబూబునగరమని పేరు. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు మార్చినపుడు ఇది రంగారెడ్డి జిల్లాలో చేరినది. అయితే రెవెన్యూ జిల్లా మాఱిననాడే న్యాయ జిల్లా మాఱలేదు. 2022 జూన్ నెలలో కొత్త న్యాయ జిల్లాలు ఏర్పడువఱకు షాద్‌నగరు కోర్టు పాలమూరు జిల్లా న్యాయమూర్తి క్రిందనే యుండెను. కావున 1990లో తీర్పయిన దావా మూట కొఱకు రంగారెడ్డి జిల్లా కోర్టున్న లాల్ బహదూరు నగరమునకు నేరుగ పోవుటకంటె, ముందు షాద్‌నగరులో విచారించి, పాత మూటలు పాలమూరు రికార్డు గదిలో నున్నవో, తరలింపబడినవో తెలిసికొనుట మేలు. అప్పీలు జరిగియున్నచో మూట పైకోర్టునకు పోయి వచ్చియుండును. ఆ జాడయు చూడవలయును.

శంషాబాదువారి కథ వేఱు. ఆ యూరు పాయిగా ప్రభువులైన షంసుల్ ఉమ్రాల పేర వెలసినది. అది పిమ్మట హైదరాబాదు జిల్లాలో నుండి, 1978 ఆగస్టు 15న ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో చేరినది. నైజాము కాలమున పాయిగాలకును, కొన్ని పెద్ద జాగీర్లకును సొంత న్యాయస్థానము లుండెడివి. 1949లో జాగీర్లు రద్దయినపిమ్మట ఆ యేర్పాటు ముగిసినది. అంతకు పూర్వపు పత్రములు జిల్లా కోర్టులో లేకున్నచో తార్నాకలోని రాష్ట్ర పురావస్తుపత్ర భాండాగారమునందు విచారింపవలయును. అసఫ్‌జాహీల కాలపు పార్సీ, ఉర్దూ పత్రము లచ్చట లక్షలకొలదిగ నున్నవి. మరియొక మాట. విమానాశ్రయమునకు భూములిచ్చినవారు పరిహారము చాలదని కోర్టునకు పోయినపుడు పడినవి సామాన్య దావాలు గావు; 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము 18వ సెక్షను క్రింద వచ్చిన నివేదనలు. అవి ఓ.ఎస్. రిజిస్టరులో నుండవు, ఓ.పి. రిజిస్టరులో నుండును. అట్లే కౌలుదారుల హక్కులు, ఇనాము భూముల వివాదములు అనేకము సివిలు కోర్టుకు రానేలేదు, తహసీలుదారు, ఆర్.డి.ఓ., సంయుక్త కలెక్టరుల కచేరీలలో తీఱినవి. 2020 చట్టముతో రెవెన్యూ కోర్టులు తీసివేయబడినను పాత దస్త్రములు రెవెన్యూ కచేరీలలోనే వెదకవలసినవి.

హైదరాబాదు రాజ్యపు కోర్టుల భాష ఉర్దూ. పాత ఫైసలాలు గొలుసుకట్టు వ్రాతలో నుండును. వాదిని ముద్దయీ యనియు, ప్రతివాదిని ముద్దాలే యనియు, మూటను మిసిలు అనియు వ్యవహరించిరి. తేదీలు ఫసలీలో వేసిరి. ఇచ్చటి ఫసలీ అక్టోబరులో, ఆజూరు మాసముతో మొదలగును. ఫసలీకి 590 కలిపినచో అక్టోబరునుండి డిసెంబరువఱకు గల ఆంగ్ల సంవత్సరమును, 591 కలిపినచో జనవరినుండి తరువాతి దానిని వచ్చును. ఫసలీ 1345 ఆజూరు అనగా 1935 అక్టోబరు. కర్నూలు చుట్టము లెవరైన లెక్క చెప్పిరేని జాగ్రత్త. మద్రాసు ఫసలీ జూలై 1వ తేదీన మొదలగును. ఉర్దూ పత్రమునకు నకలు ఉర్దూలోనే యిత్తురు. అనువాదము వేఱుగ చేయించి జతపఱుపవలయును. తెలుగువాడు తన తీర్పును తన భాషలో చదువుకొను దినము వచ్చునా యని నేను చాలకాల మనుకొంటిని. 2023 జూన్ నెలలో తెలంగాణ హైకోర్టు ఒక కుటుంబపు భూవివాదమున తెలుగులో తీర్పిచ్చినది. ఆ వార్త చదివిననాడు నాకు కలిగిన సంతోషము చెప్పతరము గాదు.

దావా నంబరు తెలియనివాని గతి యేమి? మా పొరుగూరి రైతొకడు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, తాతకు పాలు పంచిచ్చిండ్రట, నంబరు లేదు, సాలు యాదిలేదు" అనెను. అతడు పోయిన కచేరిలో రికార్డు లేదని మూడుమాఱులు నోటిమాటగ చెప్పి పంపిరి. నే నతనితో, "ఏమయ్యా, మీ తాత అన్నదమ్ములలో ఎవరైన వంతు నమ్ముకొనిరా?" అని యడిగితిని. ఒకడు 1970 ప్రాంతమున అమ్మెననెను. సబ్‌రిజిస్ట్రారు కచేరినుండి ఆ విక్రయపత్రపు నకలు తెప్పించితిమి. అమ్మువాడు ఆ భూమి తనకెట్లు సంక్రమించినదో చెప్పుచు, ఫలాని మున్సిఫు కోర్టు, ఫలాని నంబరు, ఫలాని సంవత్సరపు డిక్రీయని వ్రాయించియుండెను. నంబరు దొరకినపిమ్మట మూటయు దొరకెను. పహాణీలోని రిమార్కుల గడియందును ఒక్కొక్కప్పుడు కోర్టు నంబరు కనబడును. పనిచేసిన వకీలుగారి వారసుల యింట పాత కట్టలుండును. ఏమియు దొరకనిచో సంవత్సరమును, కక్షిదారుల పేర్లను వ్రాసి, రిజిస్టరులో వెదకుటకు దరఖాస్తు పెట్టవచ్చును. అప్పటికిని లేదన్నచో, ఆ మాటనే దరఖాస్తుమీద వ్రాసి యిమ్మని కోరవలయును.

దరఖాస్తునందు కోర్టు పేరు, నంబరు, సంవత్సరము, కక్షిదారుల పేర్లు, కోరిన పత్రము, దాని తేదీ యుండవలయును. దానికి కోర్టుఫీజు బిళ్ల అంటింపవలయును. కక్షిదారుడును, వాని వారసుడును సులభముగ పొందుదురు. పరాయివాడు కారణము చూపుచు ప్రమాణపత్రముతో కోరి, న్యాయాధికారి యుత్తరువు పొందవలయును. సమాచార హక్కు చట్టము క్రింద అడుగుదుమని కొందఱందురు. కోర్టు పత్రముల నకళ్లు హైకోర్టు నియమముల ప్రకారమే పొందవలెనని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు తేల్చినది. ఆ దారిని పోయి దినములు పోగొట్టుకొనవద్దు.

దినములన్న మాట వచ్చినది గనుక, ఇప్పుడే తీర్పయినవారు ఇది చెవినిడి వినవలయును. ఓడినవాడు జిల్లా కోర్టులో అప్పీలు చేయుటకు 30 దినములు, హైకోర్టులో 90 దినములు గడువు. నకలు తయారగుటకు పట్టిన కాలమును 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము 12వ సెక్షను మినహాయించును. కాని మినహాయింపు దరఖాస్తు పెట్టిననాటినుండియే. జూన్ 3న తీర్పయి, 10న దరఖాస్తు పెట్టి, 30న నకలు సిద్ధమైన దనుకొందము. తీర్పునాడు లెక్కకు రాదు. 4వ తేదీనుండి 9వఱకు ఆఱు దినములు ఖర్చయినవి. మిగిలిన 24 దినములు జూలై 1న మొదలై 24న తీఱును. నకలు సిద్ధమైనను నాట్లపనిలో నుండి జూలై 20న తెచ్చుకొన్నచో, ఆ యిరువది దినములు మీవే; కోర్టు వానిని మినహాయింపదు. రుసుము కట్టుమని పిలిచినపిమ్మట కట్టుటలో జరిగిన జాగును అట్లే. నకలు వెనుక దరఖాస్తు తేదీ, రుసుము పిలిచిన తేదీ, కట్టిన తేదీ, సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగ నుండును. పైకోర్టు మొదట చూచునది ఆ వరుసనే. ఇక క్రిమినలు కేసులో ఖైదు శిక్షపడినవానికి తీర్పు నకలు వెంటనే ఉచితముగ నీయవలెనని చట్టము. దానికై ఆ యింటివారు పుస్తెలు కుదువబెట్టనక్కఱలేదు.

ఇటీవలి దావాలకు పదునాఱు అక్షరముల గుర్తుసంఖ్య యొకటి యిచ్చుచున్నారు, దానిని సి.ఎన్.ఆర్. అందురు. సెల్‌ఫోనులో ఆ సంఖ్య నొక్కినచో వాయిదాలు, తీర్పులు కనబడును. మా యూరి పిల్లలు దీనిని చిటికెలో చేయుదురు. అది చూచుకొనుటకు మంచిది. దాఖలు చేయుటకు ధ్రువీకరణముగల నకలే కావలయును.

మూటలో నన్ని కాగితములకును ఆయుర్దాయ మొక్కటి కాదు. 1917వ సంవత్సరపు పత్రవిధ్వంసన చట్టము క్రింద హైకోర్టులు చేసిన నియమముల ప్రకారము కొన్ని శాశ్వతముగ నుంచుదురు, కొన్ని గడువు తీఱినపిమ్మట నాశనము చేయుదురు. దావాలో దాఖలుచేసిన మూల విక్రయపత్రములు, పట్టాలు వ్యవహారము ముగిసి అప్పీలు గడువు దాటినపిమ్మట తిరిగి తీసికొనవచ్చును. మనవారు తీసికొనరు, కోర్టులో భద్రముగ నున్నవని నమ్మకము. 2009 ఆగస్టు 31న మూసీ యొడ్డునున్న హైకోర్టు భవనములోనే అగ్నిప్రమాదము జరిగి గ్రంథాలయము కాలినది. మీ తండ్రిగారి మూలపత్రము ఏ మూటలోనైన నున్నదని తెలిసినచో దానికై ఈ నెలలోనే అర్జీ పెట్టుడు.

నకలు చేతికి వచ్చినపుడు కిటికీయొద్దనే నిలిచి చదువుకొనుడు. సర్వే నంబరులో ఒక అంకె తప్పినను, హద్దులలో తూర్పు పడమర తాఱుమాఱైనను, పుట జాఱినను అప్పుడే చూపి మూలముతో సరిచూపించుకొనవలయును. కండ్లు సరిగ కానరానివారు బడికి పోవు మనుమనినో మనుమరాలినో వెంటబెట్టుకొని పోవుడు. సంతకము, ముద్ర, తేదీలు ఉన్నవో లేవో కడపట మరియొకమాఱు చూచి, అటుపిమ్మట కాగితమును సంచిలో పెట్టుకొనుడు.