ఎంతసేపు పనిచేస్తుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరింగ్ గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఫోన్ చేశారు. నేను ఎంచుకున్న విషయం వినగానే కాస్త కంగారుపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం హడావుడిగా తయారు చేసుకున్న ఒక బండి కథ ఇది. యుద్ధం మీద మోజుతో చెప్పడం లేదు. మన సైన్సు మాస్టారు అడిగిన ఒక ప్రశ్న నాకు ఈ బండి వల్లే పూర్తిగా అర్థమైంది.

తొమ్మిదో తరగతిలో సైన్సు ఎగ్జిబిషన్‌కు పాత పైపు, సైకిల్ ట్యూబు ముక్కలతో పంపు చేశాం. అట్ట మీద ‘పనిచేయు చేతిపంపు’ అని రాసి పెట్టాం. మాస్టారు చూసి, "ఎంతసేపు పనిచేస్తుందిరా?" అన్నారు. "ఒక గంట, సార్" అన్నాం. "అయితే ఆ సంగతి కూడా రాయండి" అన్నారు. మేం నవ్వుకున్నాం కానీ రాయలేదు.

ఇక కథకు వస్తాను. 1940లో జర్మన్ ట్యాంకులు ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను లొంగదీశాయి. ట్యాంకులను ఎదుర్కోవడానికి వేగంగా కదిలే ఫిరంగి కావాలని అమెరికా సైన్యానికి అప్పుడు తొందర పట్టుకుంది. కొత్తది డిజైన్ చేయాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని 1941లో చేతిలో ఉన్న రెండు వస్తువులను కలిపారు.

ఒకటి ఎం3 హాఫ్‌ట్రాక్. ముందు లారీలాగా చక్రాలు, వెనక చక్రాల బదులు రబ్బరు పట్టా. రేగడి పొలంలో దిగబడకుండా ట్రాక్టరుకు కేజ్ వీల్స్ తగిలిస్తాం కదా, దాదాపు అదే సూత్రం. బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. రెండోది 75 మిల్లీమీటర్ల ఫిరంగి. దాని మూలం 1897 నాటి ఫ్రెంచి డిజైన్. పేల్చినప్పుడు గొట్టం ఒక్కటే వెనక్కి జారుతుంది. నూనె, బిగించిన గాలి కలిసి ఆ ఊపును మింగి, గొట్టాన్ని మళ్లీ ముందుకు తోస్తాయి. అందువల్లే దాన్ని ఒక తేలిక బండి మీద ఎక్కించగలిగారు.

ప్రయోగ దశలో దాని పేరు టీ12. కొద్ది నెలల్లోనే ఎం3 గన్ మోటార్ క్యారేజ్ అన్న పేరుతో సైన్యంలోకి తీసుకున్నారు. రోడ్డు మీద గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగం. కానీ పైకప్పు లేదు. ఉక్కు రేకు చాలాచోట్ల 6 మిల్లీమీటర్లే. ఫిరంగి అటు ఇటు ఇరవై డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. శత్రువు పక్కనుంచి వస్తే బండినే తిప్పుకోవాలి. ట్యాంకు విధ్వంసక దళాలను తీర్చిదిద్దిన ఆండ్రూ బ్రూస్ కూడా దీన్ని మంచిది వచ్చేదాకా వాడుకునే బండిగానే చూశాడు.

అయితే యుద్ధం ఆగలేదు. 50 బండ్లు ఫిలిప్పీన్స్‌కు వెళ్లాయి. 1941 డిసెంబరులో జపాన్ దాడి చేసినప్పుడు వాటితోనే పోరాడారు. 1943 ఫిబ్రవరిలో ట్యునీషియాలో ఈ బండ్లను చిన్న చిన్న జట్లుగా చీల్చి, బయలు నేలలో జర్మన్ ట్యాంకుల ఎదుటికి పంపారు. నష్టం తీవ్రంగా జరిగింది.

మార్చి 23న ఎల్ గెత్తార్ దగ్గర 601వ బెటాలియన్ వీటిని వేరే విధంగా వాడింది. గుట్టల చాటున ఉంచి, పైకి వచ్చి పేల్చి, మళ్లీ చాటుకు వెళ్లేలా చేసింది. శతఘ్నులు, మందుపాతరలు, ఇతర దళాలు కూడా తోడ్పడగా ఆ రోజు జర్మన్లు 30 దాకా ట్యాంకులు పోగొట్టుకుని వెనక్కి తగ్గారు. గెలుపే. కానీ ఆ ఒక్క బెటాలియన్ 21 బండ్లు పోగొట్టుకుంది, అంటే సగానికి పైగా. ఒక్కో బండిలో ఐదుగురు ఉంటారు.

మరుసటి ఏడాది సైపాన్ దీవిలో జపాన్ ట్యాంకుల మీద ఇదే బండి బాగా పనిచేసింది. ఎందుకంటే వాటి కవచం పలచన. మొత్తం 2,202 తయారైతే, వాటిలో 1,360ని ఫిరంగి తీసేసి మళ్లీ మామూలు హాఫ్‌ట్రాక్‌లుగా మార్చేశారు.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో కన్వేయర్ కింది దూలం పగిలింది. ఉత్పత్తి ఆగకూడదని ఒక ఇనుప చానల్ వెల్డింగ్ చేయించి ఆసరా పెట్టాను. వారం రోజుల కోసం అనుకున్నాను. రిజిస్టరులో రాయలేదు. తర్వాత నన్ను వేరే విభాగానికి మార్చారు. ఎనిమిది నెలలకు కన్వేయర్ మీద లోడు పెంచారు. ఆ చానల్ వంగిపోయింది. ఒక ఫిట్టరు రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆసుపత్రికి వెళ్తే నన్ను ఒక్క మాట అనలేదు. "అది ఎప్పటికీ ఉండేదే అనుకున్నాం సార్" అన్నాడంతే.

చేతిలో ఉన్నదాంతో పని గట్టెక్కించడం తప్పు కాదు. ఆ ఆసరా పెట్టడం కూడా తప్పు కాదు. అది ఎంత మోస్తుందో, ఎన్నాళ్లకో రాసి పెట్టకపోవడం నా తప్పు. మనకు తెలిసింది మన తర్వాత వచ్చేవాడికి తెలియదు. దాని కిందే అతను చెయ్యి పెడతాడు.

ఆ మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఉంటే ఆయన కాళ్లకు దండం పెట్టి, అట్ట మీద ఇప్పుడు రాస్తున్నానండీ అని చెప్పేవాణ్ని. పిల్లలూ, ఈ ఏడాది ఎగ్జిబిషన్‌లో ‘పనిచేయును’ అని రాసిన ప్రతిచోటా, ఎంతసేపు అన్నది కూడా రాయండి.

సెలవు.