బిడ్డల క్షేమమునకు కొలత ఏది?

గ్రామ పంచాయతీ సభ్యులారా,

చేను ఎన్ని ఎకరములో తెలియనిదే విత్తనములు ఎన్ని కావలెనో తెలియదు. మన బిడ్డల స్థితిని కొలిచి చూడనిదే వారికి ఏమి చేయవలెనో తెలియదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 నుండి జిల్లాలవారీ అంకెలను కూడ వెలువరించుచున్నది. 2019-21 సర్వే ప్రకారము, ఐదేండ్లలోపు బిడ్డలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31.2, తెలంగాణలో 33.1 వంతున ఉన్నారు. 20-24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5.

అయితే సర్వేవారు ప్రతి ఇంటికిని పోరు. ఎంచుకొన్న కొన్ని గ్రామములలో కొన్ని ఇండ్లనే చూచెదరు. జిల్లా అంకె జిల్లా అంతటికిని సగటు. ఊరి నడిబొడ్డున బిడ్డలు పుష్టిగ నున్నను, చెరువు అవతలి తండాలో చిక్కిపోయి యుండవచ్చును. సగటు ఈ భేదమును కప్పివేయును. దానిని విప్పి చూడవలసినవారు మీరే.

ఎత్తుకు తగిన బరువు లేనిచో ఇటీవల తిండి చాలలేదనియో, జబ్బు చేసినదనియో గ్రహింపవలెను. వయసుకు తగిన ఎత్తు లేనిచో ఆ లోటు చిరకాలముగ నున్నదని అర్థము. ఆరు నెలలు నిండి ఐదేండ్లు నిండని బిడ్డకు, భుజమునకును మోచేతికిని నడుమ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో, ఆలస్యము లేక ఆరోగ్య కేంద్రమునకు చేర్చవలెను. ఈ కొలతలకు సరియైన వయసు ముఖ్యము. కావున ప్రతి జననమును 21 దినములలో నమోదు చేయింపుడు.

ఆరేండ్లు నిండగనే బిడ్డ పేరు అంగన్‌వాడీ పుస్తకము నుండి తొలగును. ఆపై బడి హాజరు పట్టీలో చేరును. బడి మానిన పదునాలుగేండ్ల బాలిక పేరు ఏ పుస్తకములోను కానరాకుండ పోవచ్చును. ఆమె సంగతి మనకు మరల తెలియునది పెండ్లి పందిరి వేసిననాడే!

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ విద్య, ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమములను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. కావున మూడు నెలలకొకసారి మీ సమావేశములో ఈ ప్రశ్నలు వేయుడు: బిడ్డలెందరు? తూచినది ఎందరిని? ఎదుగుదల లేనివారు ఏ వాడలో ఉన్నారు? బడి మానినవారెవరు?

ఒక్క మాట. బలహీనులైన బిడ్డలను ఎక్కువమందిని చూపినదని అంగన్‌వాడీ కార్యకర్తను మందలింపకుడు. మందలించినచో మరుసటి నెలలో అంకె బాగుపడును, బిడ్డ బాగుపడడు. నిజము చెప్పిన అంకెయే బిడ్డకు తొలి ఔషధము.