బదనికలు రెండు
(నిజామాబాదు, బోధను ప్రాంతముల రైతులకొఱకు ఉపన్యాసము)



మన చెఱకు పొలముల గట్లపైనుండు మామిడి, ఇప్ప చెట్లను నిదానించి చూచినచో, కొమ్మలపై రెండు విధములగు మొక్కలు కనబడును. రెంటిని బదనికయే యందురు. ఒకటి చెట్టునకు శత్రువు, రెండవది అతిథి. పేరొక్కటి యగుటచే శత్రువుతోపాటు అతిథియు కత్తికి బలియగుచున్నది.

శత్రువగు బదనికకు ఆకులు దళసరి, పూలు గొట్టములవలె నుండును. దీని జిగురు గింజలను పక్షులు కొమ్మలకు అంటించును. వేరు బెరడును చొచ్చి చెట్టు సారమును పీల్చును. అంటిన చోట కొమ్మ ఉబ్బును. కాయలు పండకమునుపే ఆ యుబ్బునకు చాల దిగువగా కొమ్మను కోసివేయవలెను. ఆకులను మాత్రమే త్రుంచినచో మరల చిగిర్చును.

అతిథి పేరు వాండా, ఆర్కిడ్ కుటుంబములోనిది. ఆకులు పట్టీలవలె ఇరువైపుల వరుసగా నుండును. లావు వేళ్లు బెరడును పట్టుకొనును, గాలిలో వ్రేలాడును. లోనికి మాత్రము చొరవు. వాననీటిని, మంచును వేళ్లపై పొరయే పీల్చుకొనును. ఆహారమును ఆకులే సిద్ధపఱచుకొనును.

సామర్లకోటలో 1781 మొదలు 1793 వఱకు నుండి, చెఱకు సాగును గూర్చియు వ్రాసిన రాక్స్‌బరో దొర, 1795లో కోరమండల తీరపు మొక్కల గ్రంథమున దీనిని వర్ణించి, పూరేకుల గళ్లనుబట్టి ‘టెసెలాటం’ అని పేరిడెను. 1820లో రాబర్టు బ్రౌను ‘వాండా’ యను జాతి నామమును స్థిరపఱచెను. ఇది సంస్కృత ‘వందా’ శబ్దమే. దానికిని బదనిక యనియే యర్థము. పేర్ల కలయిక మన పల్లెలదే కాదని దీనివలన తెలియుచున్నది.

వాండా కాయలో విత్తులు ధూళివలె లెక్కకు మిక్కిలిగా నుండును గాని, వానిలో ఆహారపు నిల్వ లేదు. తగిన బూజు తోడుపడినగాని అడవిలో మొలవవు. బోధనులో 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడుటకు పదునైదేండ్లు ముందు, 1922లో, అమెరికాలో నడ్సన్ అను శాస్త్రజ్ఞుడు బూజు లేకయే, చక్కెర కలిపిన పోషక పదార్థముపై ఆర్కిడ్ విత్తులను మొలిపించెను. దానితో పూదోటలవారి పెంపకము సులువయ్యెను. కాని మన గట్టుమీది చెట్టునకు ఆ సీసాలు లేవు. నఱికిన వాండా స్థానమున మఱొకటి మొలచి పూచుటకు ఏండ్లు పట్టును.

కావున కత్తి యెత్తుటకు ముందు వేరును చూడుడు. బెరడులోనికి దిగినదానిని కొమ్మతో కోయుడు. బెరడుపై నిలిచినదానిని విడువుడు. గాలివానకు కొమ్మ విఱిగిపడినచో, దానిపైనున్న వాండాను మఱొక చెట్టునకు కొబ్బరి పీచుతో కట్టుడు. దానివలన చెట్టు సారమునకు నష్టము లేదు.