పొర వెనుక చూపు ఎంత?

మన బడి స్వర్ణోత్సవంలో కంటి డాక్టరుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. మనలో తొలి బ్యాచీల వాళ్లు అరవై దాటారు కాబట్టి శుక్లం గురించే చెబుతాను.

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల నుంచి పెద్దలను తీసుకొచ్చేవాళ్లు అడిగేది ఒకటే: "సార్, పొర తీస్తే చూపొస్తాదా?" పొర తీయడం మా పని. చూపు రావడం మాత్రం దాని వెనకున్న రెటీనా, కంటి నరం మీద ఆధారపడుతుంది. శుక్లం బాగా ముదిరితే అవి మాకూ కనిపించవు.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టకముందే రాతిని తట్టి శబ్దం వింటాడు. మేము వెలుతురుతో తడతాం. ఒక కన్ను మూసి, రెండో కంటికి నాలుగు వైపుల నుంచి టార్చి వేసి "వెలుగు ఎటు నుంచి?" అని అడుగుతాం. శుక్లం ఎంత తెల్లబడినా ఆ దిక్కు తెలియాలి. తర్వాత టార్చిని ఈ కంటికీ ఆ కంటికీ మారుస్తాం. వెలుగు పడగానే ముడుచుకోవాల్సిన కంటిపాప విచ్చుకుంటే నరమో, రెటీనానో బాగా దెబ్బతిన్నట్టు. శుక్లం ఒక్కటే అలా చేయదు. అనుమానం వస్తే బి-స్కాన్ తీస్తాం. రెటీనా ఊడిందో లేదో అది చెబుతుంది, చూపు ఎంతో చెప్పలేదు. శుక్లంలోని సందుల గుండా అక్షరాలు చూపించే యంత్రాలున్నాయి కానీ, బాగా ముదిరిన శుక్లంలో అవి పెద్దగా పనికిరావు. అక్కడ టార్చే దిక్కు.

ఒక అవ్వ కింది నుంచి వేసిన వెలుగు చెప్పలేకపోయింది. స్కానులో రెటీనా పైభాగం ఊడి ఉంది. కొడుకును కూర్చోబెట్టి, "పొర ఒక్కటి తీస్తే చాలదు, రెటీనా ఆపరేషనూ కావాలి. అక్షరాలు కనపడకపోవచ్చు" అని ముందే చెప్పాం. అవ్వ అంది: "దోవ కనపడితే చాలు నాయనా." ఏం ఆశించాలో తెలిశాకే ఆమె ఒప్పుకుంది. ఆ మాట కట్టు విప్పాక చెబితే మోసమనిపిస్తుంది.

పరీక్ష బాగా రాలేదంటే ఆపరేషను వద్దని కాదు. ఆశకు కొలత తెలుస్తుంది, అంతే.

మీకు మూడు మనవులు. శుక్లం "పండేదాకా" ఆగకండి. షుగరున్న వాళ్లు లోపల కనపడుతున్నప్పుడే ఏటా రెటీనా చూపించుకోండి. పెద్దలను ఆపరేషనుకు తీసుకెళ్లినప్పుడు "పొర తీస్తే ఎంత చూపు రావచ్చు?" అని డాక్టరును అడగండి. అడగడం నేర్పింది ఈ బడే. సెలవు.